అలవాటు, స్వేచ్ఛ, బాధ్యత

1

లైంగిక అల్పసంఖ్యాకులైన యువతీయువకులు తక్కినవారికంటె ఎక్కువగా పొగాకుకు అలవాటు పడుతున్నారన్న సంగతి ఈనాడు కొత్తది కాదు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ప్రభుత్వాలే ఆ ప్రశ్న అడిగి లెక్కలు వేస్తే ఇంచుమించు ఇదే ఫలితం వచ్చింది. 2020లో అమెరికాలో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీపురుష ప్రేమకే పరిమితమైన వయోజనుల్లో నూటికి సుమారు 19 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. స్వలింగ ప్రేమికులను, స్త్రీపురుషులిద్దరి పట్లా అనురక్తి కలవారిని కలిపి చూస్తే ఆ సంఖ్య 25. ఈ తేడా ఉపేక్షించదగినది కాదు.

ఈ మాట చెప్పగానే రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది నీతివాదులది. "ఒక దుర్గుణం వున్నచోట రెండోది వుండటంలో వింతేముంది?" అని వారు తేల్చేస్తారు. రెండోది ఉదారవాదులది. "వారి శరీరం వారిది, వారి సిగరెట్టు వారిది, మధ్య మీకెందుకు?" అని వీరు చేతులు దులుపుకుంటారు. మొదటివారు మనిషిని బోనులో నిలబెట్టి సంఘాన్ని న్యాయమూర్తి పీఠంమీద కూర్చోబెడతారు. రెండోవారు కేసే లేదని కొట్టివేస్తారు. ఏ విధంగా చూసినా సంఘం మాత్రం సురక్షితంగా ఇంటికి పోతుంది.

ఈ రెండు సమాధానాలూ ఎందుకు చాలవో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఒక మనిషి తనకు హాని చేసే అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటుకు దారితీసిన పరిస్థితులు అతను కోరి తెచ్చుకున్నవి కావు. అప్పుడు బాధ్యత ఎవరిది? ఇది నీతిశాస్త్రంలో పాత ప్రశ్న. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ ప్రశ్నకు మరొక ముడి కూడా వున్నది. ఇక్కడ పొగాకు అంగట్లో దొరికే వస్తువు మాత్రమే కాదు. ఇక్కడి చేలో పండి, ఇక్కడి బ్యారన్లో కాగి, ఇక్కడి వేలం కేంద్రంలో ధర పలికి, ఇక్కడి పిల్లల చదువులకు ఫీజయ్యే పంట అది.

మన దేశపు లెక్కల సంగతి కూడా ముందే చెప్పుకోవాలి. 2016-17లో జరిగిన వయోజనుల పొగాకు సర్వే దేశంలో నూటికి 28.6 మంది పొగాకు వాడుతున్నారని చెప్పింది. కాని ఆ నివేదిక మనుషులను పురుషులు, స్త్రీలు అనే రెండు గడుల్లోనే పెట్టి లెక్క చెప్పింది. ఎవరు ఎవరిని ప్రేమిస్తారన్నది అక్కడ ప్రశ్నే కాలేదు. లెక్కలోకి రానివాడికి పథకం వుండదు, పథకం లేనివాడికి వైద్యం వుండదు. అమెరికా సంఖ్యను తెచ్చి మన ఊళ్ళకు అంటించటం అశాస్త్రీయం. కాని అక్కడ పనిచేసిన కారణాలు ఇక్కడ కూడా వున్నాయా అని అడగటం శాస్త్రీయమే.

2

ముందు నీతివాదిని తీసుకుందాం. ఆయన వాదమంతా ఒక్క పునాదిమీద నిలబడివుంది: స్వలింగ ప్రేమ ఒక దుర్గుణం, కాకపోతే రోగం. ఆ పునాది కూలిపోయి చాలాకాలమైంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లో దానిని రోగాల పట్టికనుంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో ఆ పని చేసింది. మన దేశంలో దానిని నేరంగా రాసిపెట్టినది బ్రిటిష్ పాలకుల 1860 నాటి శిక్షాస్మృతి. ఆ 377వ సెక్షనును పెద్దల పరస్పరాంగీకారం విషయంలో ఢిల్లీ హైకోర్టు 2009లో చెల్లదన్నది. సుప్రీంకోర్టు 2013లో మళ్ళీ ప్రాణం పోసింది. చివరకు 2018 సెప్టెంబరు 6న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెల్లదన్నారు. 2024 జులై 1 నుంచి ఆ శిక్షాస్మృతే అమలులో లేదు. స్త్రీ అనో పురుషుడనో పుట్టుకనాడు రాసిన గడిలో ఇమడనివారికి తమ లింగాన్ని తామే నిర్ణయించుకునే హక్కు వున్నదని 2014 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది.

కోర్టు తీర్పులతో నీతివాది మనసు మారకపోవచ్చును. అయితే ఆయన వాదానికి తర్కంలో కూడా చోటు లేదు. ఒక మనిషి తన జాతి మనిషినే ప్రేమించటంలో పొగతాగించే గుణం ఏముంది? ప్రేమలో నికోటిన్ లేదు. అందువల్ల కారణాన్ని ప్రేమలో కాక, ఆ ప్రేమను దాచుకుని బతకవలసిన పరిస్థితుల్లో వెతకాలి. ఇలాన్ మేయర్ అనే శాస్త్రజ్ఞుడు 2003లో చేసిన ప్రతిపాదన ఇదే. దానికి ఆయన పెట్టిన పేరును మనం అల్పసంఖ్యాకుల ఒత్తిడి అనుకోవచ్చును. అవమానం జరగటం ఒక బాధ. అది ఏ క్షణాన జరుగుతుందోనని కాచుకుని కూర్చోవటం రెండో బాధ. ఉన్న సంగతి దాచటానికి రోజంతా మాటనూ నడకనూ చూపునూ కాపలా కాయటం మూడోది. సంఘం తనను చూసే కళ్ళతోనే తనను తాను చూసుకోవటం వీటన్నిటికంటె పెద్ద బాధ. మన దళిత సాహిత్యం చదివినవారికి ఈ చివరి మాట విడమరిచి చెప్పనవసరం లేదు.

ఇలాంటి బాధ రోజూ వున్నవాడు చేతికందిన ఉపశమనం తీసుకుంటాడు. పొగాకు చవక, చట్టబద్ధం, అడుగడుగునా దొరుకుతుంది. నీతివాది రెండు దుర్గుణాలుగా లెక్కపెట్టినవి నిజానికి ఒక గాయమూ, దానిమీద వేసుకున్న తప్పుడు మందూను. ఆ గాయం చేసినవారిలో నీతివాది కూడా ఒకరు.

3

ఒత్తిడి అనే మాట పుస్తకాల మాటగా మిగలకూడదు. దానికి ఊరూ, గదీ, అప్పూ వుంటాయి.

ఒక కుర్రవాణ్ణి ఊహించుకుందాం. పర్చూరు వైపు పల్లె. తండ్రికి నాలుగెకరాల నల్లరేగడి. ఒక ఏడు మిర్చి, ఒక ఏడు పత్తి, ధర బాగున్నదంటే పొగాకు. కొడుకు గుంటూరు బ్రాడీపేటలో నలుగురుండే హాస్టలు గదిలో వుండి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. అతనికి తోటి విద్యార్థి ఒకడిపై ప్రేమ. ఈ సంగతి ఎవరితో చెప్పుకోవాలి? ఇంట్లో చెబితే చదువు ఆగుతుంది, లేదా పెళ్ళి ముందుకొస్తుంది. మన మైదానాల్లో పెళ్ళి ఇద్దరి మధ్య సంగతి కాదు. అది కట్నం, పొలం, కులం, అప్పు అన్నీ కలిసిన లెక్క. ఆ పెళ్ళికి ఒప్పుకోనివాడు ఇంటి పొద్దు పద్దులను తారుమారు చేసినవాడవుతాడు. గదిలో చెబితే ఎగతాళి. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అనే సామెత అతని కోసమే పుట్టినట్టుంటుంది.

అతనికి నిలబడటానికి చోటు ఎక్కడుంది? పార్కులో ఇద్దరు మగపిల్లలు ఊరికే గంటసేపు కూర్చుంటే అడిగేవారుంటారు. గదిలో తలుపు వేసుకుంటే అడిగేవారుంటారు. టీకొట్టు పక్కన బడ్డీకొట్టు దగ్గర నిలబడితే ఎవరూ అడగరు. చేతిలో సిగరెట్టు వుంటే చాలు, అక్కడ నిలబడటానికి అదే సంజాయిషీ. ముక్కూమొహమూ తెలియనివాడిని నిప్పు అడగవచ్చు. ఒక్క సిగరెట్టు ఇద్దరు పంచుకోవచ్చు. పది నిమిషాలు పక్కపక్కన నిలబడవచ్చు. ఎవరికీ అనుమానం రాదు సరికదా, "కుర్రాళ్ళు ఎదిగారు" అనుకుంటారు.

ఈ చివరి మాట ముఖ్యమైనది. మన సంఘంలో పొగతాగటం మగతనానికి పుచ్చుకునే పట్టా. 'కన్యాశుల్కం'లో గిరీశం దగ్గర వెంకటేశం నిజంగా నేర్చుకున్న విద్య చుట్ట కాల్చటమే. గురజాడ దానిని హాస్యానికి రాసివుండవచ్చు గాని, అందులో సాంఘిక సత్యం వుంది. పెద్దవాడు చిన్నవాడిని మగవాళ్ళ లోకంలోకి తీసుకుపోయే దారిలో చుట్టో బీడీయో సిగరెట్టో ఒక మెట్టు. గొంతు సన్నగా వుందనీ, నడక ఆడదానిలా వుందనీ చిన్నప్పటినుంచి మాటలు పడ్డవాడికి ఆ పట్టా అవసరం మరీ ఎక్కువ. తక్కినవారు సరదాకు పుచ్చుకున్న పట్టాను అతను ఆత్మరక్షణకు పుచ్చుకుంటాడు.

ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్లకు ఆ బడ్డీకొట్టు కూడా లేదు. ఆమె వీధిలో సిగరెట్టు పట్టుకుంటే ఊరు ఊరంతా నీతిశాస్త్రం విప్పుతుంది. ఇందులో ఒక వింత వుంది. ఉత్తరకోస్తాలో శ్రీకాకుళం, విశాఖ జిల్లాల పేద స్త్రీలు తరతరాలుగా అడ్డపొగ తాగుతున్నారు. నిప్పువున్న కొసను నోటిలోపల పెట్టుకుని చుట్ట కాల్చే ఆ అలవాటు వల్ల అంగిటి కాన్సరు వస్తున్నదని వైద్యులు ఏనాడో చెప్పారు. వారిని చూసి నీతి చెడిపోయిందని గోలపెట్టినవారు అరుదు. కూలి స్త్రీ కాల్చే చుట్ట ఆచారమట, చదువుకున్న పిల్ల కాల్చే సిగరెట్టు పతనమట. సంఘానికి నచ్చనిది ఆమె వూపిరితిత్తుల్లోకి పోయే పొగ కాదు, ఆమె తన ఇష్టప్రకారం నిలబడటం. ఆమె గది తలుపు వేసుకుని, ఒంటరిగా, రహస్యంగా కాలుస్తుంది. రహస్యమైన అలవాటును మాన్పించటం మరీ కష్టం.

హిజ్రాల స్థితి ఇంకొకటి. ఇంటినుంచి గెంటివేయబడినవారు, చదువు మధ్యలో ఆగినవారు, రైళ్ళలో చేయిచాచో శరీరం అమ్ముకునో బతకవలసివచ్చినవారు వారిలో ఎందరో. ఆకలి చంపుకోవటానికి, రాత్రి మేలుకుని వుండటానికి ఖైనీ, గుట్కా, బీడీ పనిముట్లవుతాయి. ఎయిడ్స్ ఉద్ధృతంగా వున్న రోజుల్లో ప్రభుత్వం వీరి దగ్గరకు వచ్చింది. రక్తపరీక్షలు చేసింది, నిరోధ్‌లు పంచింది. అది మంచిపనే, ఎందరి ప్రాణాలో నిలిచాయి. కాని ఆ మనిషికి ఊపిరితిత్తులు కూడా వున్నాయని, నోరు కూడా వున్నదని, మనస్సు కూడా వున్నదని ఆ కార్యక్రమాలకు అంతగా తోచలేదు. తక్కిన సంఘానికి రోగం అంటించకుండా చూడటమే లక్ష్యమైనప్పుడు, ఆ మనిషి తనకు తాను ఎలా బతుకుతున్నాడన్నది రెండో విషయమైపోతుంది.

4

ఇక ఉదారవాది సమాధానం. ఇది మొదటిదానికంటె నాగరికమైనది. ఇందులో గౌరవం వుంది. శతాబ్దాలుగా ఇతరుల అధికారానికి లోబడిన శరీరం గురించి "అది నీది" అనటం చిన్న విషయం కాదు. 2018 తీర్పు విలువ అదే. అందుకనే ఈ సమాధానాన్ని ఎక్కువ జాగ్రత్తగా పరిశీలించాలి.

ఎన్నిక స్వేచ్ఛగా జరిగిందని ఎప్పుడంటాం? ఎదుట రెండు దారులైనా వున్నప్పుడు. ఒక దారి తొక్కినవాడు వెనక్కు రాగలిగినప్పుడు. మన కుర్రవాడి ఎదుట రెండు దారులు లేవని పైన చూశాం. వెనక్కు రావటం సంగతి నికోటిన్ చూసుకుంటుంది.

నికోటిన్ పనిచేసే తీరును మన మిర్చి రైతుకు వేరే బోధించనక్కరలేదు. అది అచ్చంగా వడ్డీవ్యాపారి. పీల్చిన పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలో మెదడును చేరుతుంది, మనసు కుదుటపడినట్టుంటుంది. రెండు గంటలయ్యేసరికి రక్తంలో అది సగానికి తగ్గుతుంది. అప్పుడు చిరాకు, గుండెదడ, మనసు నిలవకపోవటం. ఇంకొక సిగరెట్టు ముట్టిస్తే అవి తగ్గుతాయి. తాగేవాడు తన బాధకు మందు దొరికిందనుకుంటాడు. నిజానికి ఆ రెండో సిగరెట్టు తీర్చినది చాలావరకు మొదటి సిగరెట్టు పెట్టిన బాకీనే. కమీషను వ్యాపారి దగ్గర పాత అప్పు తీర్చటానికి కొత్త అప్పు చేసిన రైతు ఆ సాయంత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నట్టే ఇదీ. అవమానం ఎక్కడిదక్కడే వుంటుంది. దానికి తోడు వడ్డీ చేరుతుంది.

స్వేచ్ఛ అంటే అవసరాన్ని గుర్తించటమేనన్న హెగెల్ భావాన్ని ఎంగెల్సు 'ఆంటీ డ్యూరింగ్'లో వివరించాడు. మనిషిని శాసించే నియమాలు తెలియనంతకాలం అతను స్వేచ్ఛగా వున్నాననుకోవటం భ్రమ. ఆ నియమాలను తెలుసుకుని తన ప్రయోజనానికి మలుచుకోవటంలోనే స్వేచ్ఛ వుంది. ఆ దృష్టితో చూస్తే "నా సిగరెట్టు నా ఇష్టం" అన్న మాట స్వేచ్ఛకు ప్రారంభం కావచ్చును గాని ముగింపు కాదు. ఆ ఇష్టం ఎక్కడ తయారైందన్న ప్రశ్న ఇంకా మిగిలేవుంది.

అది కొంతవరకు కంపెనీల ఆఫీసుల్లో తయారైంది. ఇది ఊహ కాదు. 1929లో న్యూయార్కు ఈస్టరు ఊరేగింపులో అమెరికన్ టొబాకో కంపెనీ తరపున ఎడ్వర్డ్ బెర్నేస్ అనే ప్రచారకుడు కొందరు స్త్రీలచేత బహిరంగంగా సిగరెట్లు కాల్పించి, వాటికి స్వాతంత్ర్యజ్యోతులని పేరుపెట్టించాడు. స్త్రీల ఓటుహక్కు పోరాటం రక్తం ధారపోసి సంపాదించిన మాటను కంపెనీ కాణీ ఖర్చులేకుండా ఎత్తుకుపోయింది. 1990 దశకంలో ఈ ఎత్తుగడే స్వలింగ ప్రేమికులపై ప్రయోగించారు. 1992లో వారి పత్రికల్లో ఫిలిప్ మోరిస్ కంపెనీ ప్రకటన వచ్చింది. దశాబ్దాలుగా పెద్ద వ్యాపారులు అంతగా తమవైపు చూడని ఆ జనానికి అది గుర్తింపులా కనిపించింది. 1995లో ఆర్.జె. రెనాల్డ్స్ కంపెనీ శాన్‌ఫ్రాన్సిస్కోలో స్వలింగ ప్రేమికులనూ ఇల్లూవాకిలీ లేని పేదలనూ ఉద్దేశించి ఒక అమ్మకపు పథకం వేసింది. దానికి లోపల పెట్టుకున్న పేరు 'స్కమ్'. తెలుగులో చెప్పాలంటే కశ్మలం, మురికినురగ. కోర్టు వ్యవహారాల మూలంగా కంపెనీ కాగితాలు బయటపడేదాకా ఈ సంగతి లోకానికి తెలియదు.

ఉదారవాది ఈ పేరును గుర్తుంచుకోవాలి. పత్రికలో రంగుబొమ్మ వేసి "మీరు మావారే" అన్నవాడు లోపలి గదిలో "మురికి" అని రాసుకున్నాడు. నీతివాది నోటి మాటా, కంపెనీ కాగితంమీది మాటా ఒక్కటే. ఒకరు ఆ మాటతో వెలివేస్తే, మరొకరు ఆ వెలిని సరుకు అమ్ముకునే అవకాశంగా మార్చుకున్నారు. మన దేశంలో 2003 చట్టం పొగాకు ప్రకటనలను నిషేధించింది గనక ఇలాంటి బొమ్మలు ఇక్కడి పత్రికల్లో రాకపోవచ్చు. కాని వెలి వున్నంతకాలం ప్రకటన అవసరమే లేదు. బడ్డీకొట్టు చాలు.

5

ఆ బడ్డీకొట్టుకు సరుకు ఎక్కడినుంచి వచ్చిందో అడగకుండా ఈ మైదానాల్లో నీతిచర్చ ముగించలేం.

ఇంపీరియల్ టొబాకో కంపెనీకి అనుబంధంగా పుట్టిన ఐ.ఎల్.టి.డి. కంపెనీ చీరాలలో ఆకు శుద్ధిచేసే కర్మాగారం పెట్టింది. 1920 దశకంనుంచి గుంటూరు సీమ నల్లరేగళ్ళలో వర్జీనియా పొగాకు విస్తరించింది. స్వాతంత్ర్యం తర్వాత 1975 చట్టం కింద పొగాకు బోర్డు ఏర్పడి, 1976లో గుంటూరు కేంద్రంగా పని ప్రారంభించింది. ఒంగోలు, టంగుటూరు, కొండపి వేలం కేంద్రాల్లో ఈనాటికీ ఆకుకు ధర నిర్ణయమవుతున్నది. ఎంత ఆకు పండించాలో ఒక ప్రభుత్వశాఖ అనుమతిస్తుంది. అదే ప్రభుత్వంలో మరొక శాఖ 2016 ఏప్రిల్‌నుంచి పెట్టెమీద నూటికి 85 వంతుల మేర భయంకరమైన బొమ్మ అచ్చువేయిస్తున్నది. కుడిచేయి లైసెన్సు ఇస్తుంది, ఎడమచేయి చేయకండని ఊపుతుంది.

అట్లాగని రైతు కుబేరుడు కాలేదు. 2000-01లో పంటవిరామం ప్రకటించవలసివచ్చింది. 2015లో ధరలు పడిపోయి ప్రకాశం జిల్లాలో పొగాకు రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2025లో పర్చూరు ప్రాంతంలో నల్ల బర్లీ ఆకును కంపెనీలు కొనక మార్కుఫెడ్ చేత కొనిపించవలసిన స్థితి వచ్చింది. చేలో ఆకు కోసేవారికీ, కర్రలకు అల్లేవారికీ, గ్రేడింగు చేసేవారికీ దక్కినది కూలీ, దగ్గూను. తడి ఆకు పట్టుకున్న చేతుల చర్మంగుండా నికోటిన్ ఒంట్లోకి ఎక్కుతుంది. వాంతులు, తలతిరుగుడు వస్తాయి. ఒక్క పొగా పీల్చని మనిషిని కూడా పొగాకు పట్టుకుంటుందన్నమాట.

మన కుర్రవాడి వద్దకు తిరిగివస్తే అతని హాస్టలు ఫీజులో కొంత ఆకు అమ్మగా వచ్చినది. అతను ఆ డబ్బులోంచే సిగరెట్టు కొంటాడు. తండ్రి అప్పుతో పండిస్తాడు, కొడుకు ఒంటరితనంతో కాలుస్తాడు, మధ్య లాభం మాత్రం వీరిద్దరిలో ఎవరిదీ కాదు. తండ్రీ కొడుకులు ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోలేకపోవటంమీద ఈ వ్యవస్థ నిలబడివుంది. తండ్రి తన అప్పు దాస్తాడు, కొడుకు తన ప్రేమ దాస్తాడు. ఇద్దరిదీ పరువు సమస్యే.

బాధ్యతను అందరికీ సమానంగా పంచటం న్యాయం కాదని దీనినుంచి తేలుతుంది. ఎవరికి ఎంత అధికారం వున్నదో, ఎవరికి ఎన్ని దారులు వున్నాయో దానినిబట్టి బాధ్యత పెరుగుతుంది, తరుగుతుంది. వేరే పంటకు గిట్టుబాటు ధర లేని రైతుకంటె, ధర నిర్ణయించే కంపెనీకి బాధ్యత ఎక్కువ. నిలబడటానికి చోటులేని కుర్రవాడికంటె, చోటు లేకుండా చేసిన ఇంటికీ, హాస్టలుకూ, కళాశాలకూ బాధ్యత ఎక్కువ.

6

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. "అంతా సంఘం చేసిందేనంటే ఆ యువకుడికి బాధ్యతే లేదా? అతన్ని పరిస్థితుల చేతిలో కీలుబొమ్మను చేయటం కూడా అవమానం కాదా?" ఇది సరైన ఆక్షేపణ. దీనికి సమాధానం చెప్పకపోతే మన వాదం జాలిమాటగా మిగిలిపోతుంది.

నింద వేరు, బాధ్యత వేరు. నింద గతాన్ని చూస్తుంది, బాధ్యత రేపటిని చూస్తుంది. అప్పులపాలైన రైతును "నువ్వు దుబారా మనిషివి" అని నిందించటం అన్యాయం. కాని "అప్పు తెంచుకోవటానికి సంఘంలో చేరు, మాతో నిలబడు" అని అడగటం అతనిని గౌరవించటమే. పొగాకుకు చిక్కిన యువకుడి విషయమూ అంతే. 377వ సెక్షనుపై పోరాటం నడిపినది జాలిపడినవారు కాదు, దానివల్ల బాధపడినవారే. తెలంగాణలో హిజ్రాలను పుట్టునేరస్థులుగా చూసిన నిజాంకాలపు చట్టాన్ని 2023 జులైలో హైకోర్టు కొట్టివేసింది. అందుకు కోర్టుకెక్కినవారూ వారిలోనివారే. అంతటి పోరాటం చేయగల మనుషులకు సిగరెట్టు మానగల శక్తి లేదనటం అవివేకం. అయితే ఆ పోరాటాలేవీ ఒక్కడు గదిలో కూర్చుని చేసినవి కావు. సిగరెట్టు మానటం మాత్రం ఒక్కడే చేయాలని మనం ఎందుకు ఆశిస్తున్నాం?

పొగను సమర్థించేవారు మన వర్గంలోనే తక్కువేమీ లేరు. సిగరెట్టు లేనిదే కవి కాడనీ, పొగలేనిదే చర్చ సాగదనీ ఒక నమ్మకం. 'కాపిటల్' రాయటానికి కాల్చిన చుట్టల ఖర్చు కూడా ఆ పుస్తకం మీద రాదని మార్క్సు ఛలోక్తి విసిరినట్టు ఆయన అల్లుడు లఫార్గ్ రాశాడు. మార్క్సు చుట్టలు ఆయన ఊపిరితిత్తులకు మేలు చేయలేదు. ఆయన శిష్యులమనుకునేవారు ఆయన పుస్తకం వదిలి చుట్ట పట్టుకోవలసిన పనిలేదు. తిరుగుబాటుకు గుర్తుగా సిగరెట్టు ముట్టించే విద్యార్థి ఎవరికి కప్పం కడుతున్నాడో ఒకసారి చూసుకోవాలి.

7

చివరగా, అభ్యుదయవాదులం అనుకునేవారి జమాఖర్చు కూడా చూడాలి. ఇతరుల తప్పులు మాత్రమే లెక్కపెట్టే విమర్శ విమర్శ కాదు.

అక్టోబరు విప్లవం జారు నాటి శిక్షాస్మృతిని తుడిచిపెట్టింది. 1922 నాటి సోవియట్ రష్యా శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధం నేరం కాదు. పడమటి దేశాల్లో అధికభాగం దానికి జైలుశిక్షలు వేస్తున్న రోజులవి. 1934 వచ్చేసరికి సోవియట్ ప్రభుత్వమే దానిని మళ్ళీ నేరం చేసింది. ఆ సంవత్సరమే గోర్కీ రాసిన వ్యాసమొకటి ఆ సంబంధాన్ని ఫాసిజంతో ముడిపెట్టింది. 'అమ్మ' నవల రాసి తెలుగు పాఠకులను ఇన్ని తరాలుగా కదిలించిన గోర్కీయే ఆ మాట రాశాడు. మనిషి ప్రేమను వర్గపతనానికి గుర్తుగా చదవటం ఎంత పెద్ద తప్పో చెప్పటానికి ఇంతకంటె బాధాకరమైన ఉదాహరణ అక్కర్లేదు. ఆ ఆలోచన అనేక దేశాల ఉద్యమాల్లోకి పాకింది. దానినుంచి బయటపడటం సాధ్యమేనని కూడా చరిత్ర చూపించింది. ఒకప్పుడు స్వలింగ ప్రేమికులను నిర్బంధ శిబిరాలకు పంపిన క్యూబా 2022 సెప్టెంబరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి వారి వివాహాలను గుర్తించే కుటుంబ చట్టాన్ని ఆమోదించింది. మన సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో అలాంటి హక్కు ఇవ్వటం తన పని కాదన్నది.

ఈ చరిత్రకూ బ్రాడీపేట బడ్డీకొట్టుకూ సంబంధం వుంది. విద్యార్థి సంఘం గదిలో "ఆడంగి" అనే మాటకు అందరూ నవ్వితే, మన కుర్రవాడు ఆ గదిలోంచి లేచి బడ్డీకొట్టుకే పోతాడు. కులం గురించి, కూలి గురించి, యుద్ధం గురించి ఆ గదిలో అతను ఎంతైనా మాట్లాడవచ్చు. తన గురించి మాట్లాడలేడు. మనిషికి తన గురించి మాట్లాడే చోటు ఇవ్వని ఉద్యమం అతనికి పొగ మానమని చెప్పే అర్హత సంపాదించుకోలేదు.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. ప్రభుత్వ ఆరోగ్య సర్వేలు ఈ మనుషులను కూడా లెక్కించాలి. అడిగిన సంగతి బయటికి పొక్కదన్న హామీతో లెక్కించాలి. పొగాకు మాన్పించే వైద్యకేంద్రాల్లో పనిచేసేవారు ఎదుటి మనిషిని చూసి నవ్వకుండా మాట్లాడటం నేర్చుకోవాలి. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదని 2003 చట్టం వున్నది. దానిని అమలుచేయవలసిందే. కాని బడ్డీకొట్టు ఎత్తివేసినంత మాత్రాన అక్కడ నిలబడిన కుర్రవాడికి వేరే చోటు పుట్టదు. ఆ చోటు ఉపాధ్యాయులు తమ సిబ్బంది గదిలో, విద్యార్థులు తమ హాస్టలు గదిలో, రచయితలు తమ సమావేశాల్లో కల్పించాలి. పొగాకు వదిలే రైతుకు మరొక పంటపై గిట్టుబాటు ధర, గ్రేడింగు కూలీకి మరొక పని చూపకుండా పొగాకుపై నీతులు చెప్పటమూ దొంగతనమే.

ఇవన్నీ జరిగేదాకా ఆ యువకుడు ఆగనక్కరలేదు. తన ఒంటిని దక్కించుకోవటం అతని హక్కు, ఒక విధంగా అతని పోరాటంలో భాగం. అతని శరీరంపై మొదట చట్టం పెత్తనం చేసింది. 2018లో అది చేయి తీసింది. ఇంకా ఇల్లు తీయలేదు, కంపెనీ తీయలేదు. ఆ రెండు చేతులను తీయించే పని అతనొక్కడిదిగా వదిలివేసినంతకాలం, "ఎందుకు తాగుతున్నావు?" అని అతనిని అడిగే ముందు, "ఇక్కడ కాక ఇంకెక్కడ నిలబడను?" అనే అతని ప్రశ్నకు మనం సమాధానం చెప్పవలసివుంటుంది.